వద్దన్నవాళ్ల ఫారాలు

కడప బస్టాండు బయట ఆటో వచ్చి ఆగగానే వేడి డీజిలు వాసన గుప్పుమంటుంది. నిన్న ఆ వాసన తగిలేసరికి ఖైరున్ మేడం గుర్తొచ్చారు. నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. కర్నూలు మనిషి. బస్సుకూ ఆటోకూ కలిపి ఫోనులో ఒకే టికెట్ పెట్టి, ఆటోను కూడా ఫోనులోనే పిలుచుకోనిస్తే జనం వాడతారా, వాడరా అని ఒక కంపెనీ కోసం కనుక్కునే సర్వే మాది. మేమంతా నీడ వెతుక్కుంటుంటే ఆమె మాత్రం ప్రయాణికులతో పాటు ఆటో ఎక్కి, వాళ్లు దిగినచోటే దిగి, తిరిగి వచ్చేవారు. "నిలబెట్టి అడిగితే మనల్ని వదిలించుకునే జవాబు చెప్తారప్పా. పక్కన కూర్చుంటే నిజం చెప్తారు" అనేవారు. అప్పట్లో అది నాకు చాదస్తంగా తోచింది.

కమలాపురం నుంచి రోజూ బస్సులో వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఓబుళమ్మను నేను బస్టాండులో అడిగాను. పేరూ ఊరూ పనీ చెప్పి, టికెట్ సంగతి ఎత్తగానే "వద్దు నాయనా" అని చకచకా వెళ్లిపోయింది. 'ఫోను వాడటం రాదు, ఇష్టం లేదు' అని టిక్కులు పెట్టేశాను. ఆ వారం చాలామంది ఆడవాళ్ల ఫారాలు అలాగే నింపాను. ఎక్కువమంది వద్దన్న దారికి కంపెనీ కొత్త ఆటోలు వేయదని నాకు తెలుసు. తెలిసే నింపాను. నా తెలివి అంత ఘనంగా ఉండేది.

మేడం ఆ కట్ట తిరగేసి, ఓబుళమ్మ ఫారం దగ్గర ఆగి, "ఈమెకు ఫోన్ రాదని నీకెవరు చెప్పినారు?" అన్నారు. ఆ సాయంత్రం నన్ను ఆసుపత్రి గేటు దగ్గరికి వెంటబెట్టుకెళ్లారు. ఓబుళమ్మ ఫోనులో మనవరాలి ముఖం చూసి నవ్వుతూ బయటికొచ్చింది. నాకు సిగ్గేసింది. బస్టాండుకు పోయే షేర్ ఆటో ఒకటి ఆగింది. ఆమె వంగి లోపలికి చూసింది. అందరూ మగవాళ్లే. పోనిచ్చింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఇద్దరు ఆడవాళ్లు కనిపించాకే ఎక్కింది. మేడం ఆమె పక్కన సర్దుకున్నారు, నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను.

"ఫోన్‌లో పిలుచుకుంటే ఇంతసేపు నిలబడే పనుండదు కదక్కా" అన్నారు మేడం.

"వచ్చే ఆటోలో ఇంగో ఆడమనిషి ఉండాదో లేదో ఆ ఫోన్ చెప్తాదామ్మా? చెప్తే రేపట్నుంచే వాడతా. ఈడ నిలబడి నిలబడి శానాసార్లు మా ఊరి బస్సు పోగొట్టుకున్యా."

ఆమెకు అందరికంటే ఎక్కువ అవసరమైనదాన్ని, అక్కర్లేదని రాసింది నేను.

మర్నాడు కంపెనీవాళ్లు ఫోన్ చేసి, ఉన్న ఫారాలు ఉన్నట్టే సాయంత్రంలోగా పంపమన్నారు. "తప్పు కాగితాలు నేను ఇయ్యను సార్" అని మేడం ఫోన్ పెట్టేశారు. 'ఆటోలో ఇంకో ఆడమనిషి ఉంటే వాడతారా' అన్న ఒక్క ప్రశ్న ప్రతి ఫారం మీదా చేత్తో రాయించి, ఆడవాళ్లందరినీ మళ్లీ అడిగించారు. ఆలస్యం తనవల్లేనని చెప్పుకున్నారు, నా పేరు ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆసుపత్రి దారికి సాయంత్రంపూట ఆడవాళ్ల ఆటోలు వచ్చాయి. మేడంకు మాత్రం ఆ కంపెనీ మళ్లీ పని ఇవ్వలేదు.

క్షమించమని అడగడానికి కర్నూలు వెళ్లాను. నా మాట పూర్తికాకముందే, "ఓబుళమ్మకు బస్సు దొరుకుతాందా?" అన్నారు. తెలియదన్నాను. "మరి ఈడికెందుకొచ్చినావప్పా? పోయి ఆమెను కనుక్కో."

ఇప్పుడు నేనూ సర్వేలు చేయిస్తున్నాను. పని ముగిశాక, వద్దన్నవాళ్ల దగ్గరికి ఒక్కసారైనా తిరిగి వెళ్తాను. అలా వెళ్లడం మొదలైంది కర్నూలు నుంచి వచ్చిన మర్నాడే. ఆసుపత్రి గేటు దగ్గర ఓబుళమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. బస్సు అందుతోందని సంబరంగా చెప్పి, నా వెనకకు చూసి అడిగింది: "ఆ మేడం రాలేదా నాయనా?"

ఆమెకు ఏం చెప్పి ఉండాల్సిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.