నొప్పి రాని బొమ్మ

ఖర్జూరపు గెలలు దించే రోజుల్లో ఎడారి అంచు ఊరైన కెబిలిలో కాన్పులు ఎక్కువగా ఉంటాయని డాక్టర్ వసీలాకు చాలాకాలంగా ఒక అనుమానం. నిండు చూలాళ్ళు కూడా తోటల్లో వంగి లేస్తూ బుట్టలందించడం వల్ల అలా జరుగుతున్నదా, లేక ఆ నెలల్లో తనకు అలసట ఎక్కువై అలా తోస్తున్నదా అన్నది తేలాలంటే ఎవరితోనైనా వాదించాలి. వాదించేందుకు మనిషి లేదు. ఆ ఊరి ఆసుపత్రిలో కాన్పుల డాక్టరు ఆవిడ ఒక్కతే.

మనుషులకు కొదవ లేదు. కాన్పుల గదిలో పెద్ద నర్సు ముబార్కా ఉంది. ఊళ్ళో ఏ కోడలు ఏ అత్తతో ఎందుకు మాట్లాడదో ఆమెకు తెలుసు. పక్క గదిలో ఆపరేషన్ల డాక్టరు ఉన్నాడు. ఆయన దృష్టిలో పిత్తాశయం తప్ప శరీరంలో తక్కినదంతా ఖాళీ స్థలం. ఇంట్లో భర్త నూరుద్దీన్, బడిలో చరిత్ర పాఠాలు చెప్పే నెమ్మదస్తుడు. మావి పడడం ఆలస్యమైన సంగతి ఆవిడ మొదలుపెట్టగానే చేతిలోని రొట్టెముక్కను కారపు గిన్నె దగ్గరే ఆపి, "తిన్నాక చెప్పరాదూ" అనేవాడు. తిన్నాక ఆయనకు నిద్ర వచ్చేది.

ఒక విద్య నేర్చినవారికి ఆ విద్యలోనే మాట్లాడుకోవాలనే దాహం ఒకటి ఉంటుంది. అన్నవస్త్రాలతో తీరేది కాదు గనుక దానిని ఎవరూ బాధల్లో జమకట్టరు. వసీలాకు ఆ దాహం సూసా నగరంలో చదువుకొనే రోజుల్లో అలవాటైంది. అక్కడ డ్యూటీ గదిలో సముద్రతీరపు స్ఫాక్స్ పట్నం నుంచి వచ్చిన దలెండా అనే అమ్మాయితో ఒకే మంచం పంచుకొనేది. ఒకరు పడుకొంటే ఒకరు మేలుకోవాలన్నది నియమం; ఇద్దరూ మేలుకొని మాట్లాడుకోవడం ఆచారం. బాదంపప్పు తేలే టీ గ్లాసులు ముందు పెట్టుకొని, ఆనాటి ప్రతి కాన్పునూ మళ్ళీ మొదటినుంచి చేసేవారు. అక్కడ ఎందుకాగావు, ఆగకపోతే ఏమయ్యేది, అన్నవే వారి ముచ్చట్లు.

వారి గురువు, ఇప్పుడు లేని ముసలి ప్రొఫెసరు, ఎదురుకాళ్ళ కాన్పు వచ్చినప్పుడు శిష్యులను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడమనేవాడు. బిడ్డ పిరుదులు కనబడగానే పట్టి లాగాలనిపించడం సహజం. లాగితే బిడ్డ చేతులు పైకి పోతాయి, తల ఇరుక్కుంటుంది. తల్లి నొప్పులే బిడ్డను భుజాల దాకా తేవాలి. అంతవరకు డాక్టరు చేతులకు పనిలేదు. "ఆగడం కూడా చేతిపనే" అనేవాడాయన. సరిగా ఆగినవారిని మెచ్చుకొనేవాడు కాదు. ఊరకే పక్కకు జరిగి చోటిచ్చేవాడు.

దలెండా ఇప్పుడు స్ఫాక్స్‌లో, వృత్తిలో ఉన్న డాక్టర్లకు ఏటా పునశ్చరణ శిక్షణ నడుపుతున్నది. పిలుపు ప్రతి సంవత్సరమూ వచ్చేది. వసీలా కదలాలంటే ఆమె స్థానంలో మరొక డాక్టరు రావాలి; వస్తామన్నవారు వచ్చేవారు కాదు. ఈసారి వచ్చారు. పైగా ఈసారి దక్షిణాది నుంచి ఒకరిని శిక్షకులుగా తీసుకొంటారని కబురు. ఎంపికైనవారు నెలనెలా స్ఫాక్స్ వచ్చి రెండు రోజులు బోధించాలి. ఆ రెండు రోజులకు ఊళ్ళో వేరే డాక్టరును ప్రభుత్వమే ఏర్పాటు చేస్తుంది. నెలకు రెండు రోజులు తనవాళ్ళ మధ్య, తన భాషలో. వసీలా ఆ ఆశను ఇంట్లో కూడా చెప్పలేదు. పైకి చెబితే అరిగిపోతుందేమోనని భయపడింది.

ముబార్కాకు మాత్రం వాసన తగిలింది. "పెట్టెలో కొత్త కోటు సర్దారంట. పాఠం వినడానికా, పెళ్ళికా డాక్టరమ్మా?"

"అక్కడ చలిగా ఉంటుందే."

"సముద్రం పక్కన చలేంటి. సరే, వెళ్ళిరండి. మీరొచ్చేదాకా పిల్లల్ని లోపలే ఉండమని నేను కేకలేస్తాలే."

హోటల్ హాలు గుమ్మంలో దలెండా ఎదురొచ్చింది. జుట్టు నెరిసింది, నడక మారలేదు.

"ఏమే ఎడారి దయ్యమా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

"నువ్వు లావయ్యావని విన్నా. చూసిపోదామని వచ్చా."

"ఆ ఖర్జూరాల పెట్టె నాకేనా?"

"అందరికీ. నీ ఒక్కదానికే ఇస్తే లంచమంటారు."

దలెండా నవ్వబోయి ఆగింది. "అంటే ఆ స్థానం నువ్వూ అడుగుతున్నావన్నమాట."

"అడుగుతున్నా."

"అయితే ఇప్పుడు నేను పరీక్ష పెట్టేదాన్ని, నీ స్నేహితురాల్ని కాను. సాయంత్రం అవుతాను."

ఉదయపు పాఠం కాన్పు తరువాతి రక్తస్రావం మీద. ఎంత అనుభవమున్న కన్నైనా పోయిన రక్తాన్ని తక్కువగానే అంచనా వేస్తుందనీ, తల్లి నడుము కింద కొలతగీతలున్న సంచి పరచడమే మేలనీ చెప్పారు. వసీలా తన కన్నును నమ్ముకొన్న మనిషి. ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. ఒప్పుకొన్నాక ప్రాణానికి హాయిగా అనిపించింది. విరామంలో గఫ్సా నుంచి వచ్చిన తౌఫీక్ అనే బొద్దు డాక్టరుతో ఆవిడకు వాదన పడింది. మునుపటి కాన్పులో పొట్ట కోసిన తల్లిని ఈసారి ఎంతవరకు నొప్పులు పడనివ్వవచ్చునన్నది విషయం. కాఫీలు చల్లారాయి. ఆమె మాటకు ఆయన ఒప్పుకోలేదు, ఆయన మాటకు ఆమె ఒప్పుకోలేదు. ఊళ్ళో అందరూ తలలూపేవారే. కాదని ఎదురుగా నిలబడిన మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో! ఆమె వాదనను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకొన్నది.

"మీరు మా అమ్మలాగున్నారు లెల్లా వసీలా," అన్నాడు తౌఫీక్, అమ్మగారూ అన్నంత మర్యాదగా. "ఓడిపోయినా గొంతు తగ్గదు."

"ఓడిపోయినట్టు మీ అమ్మ ఒప్పుకుందా?"

"అదే కదా నా గోల."

చేపల పులుసుతో భోజనమయ్యాక పరీక్ష మొదలయింది. బల్ల మీద రబ్బరుతో చేసిన తల్లి బొమ్మ. పొట్ట నుంచి తొడల దాకా మాత్రమే ఉంది. లోపల బిడ్డ బొమ్మ. తెర చాటున ఒకరు కూర్చొని ఆ బిడ్డను చేత్తో ముందుకు నెట్టాలి. ఎప్పుడు నెట్టాలో డాక్టరే చెప్పాలి: "నొప్పి వచ్చింది, ముక్కమ్మా" అంటేనే తెర వెనుక చేయి కదులుతుంది. ఏం చేస్తున్నదీ, ఎందుకు చేస్తున్నదీ పక్కవారికి వినబడేలా పలుకుతూ చేయాలని దలెండా ముందే వివరించింది. వసీలా విన్నది. తల కూడా ఊపింది.

ఆమె వంతుకు ఎదురుకాళ్ళ కాన్పు వచ్చింది. తెర వెనుక తౌఫీక్ కూర్చొన్నాడు. బిడ్డ పిరుదులు కనబడ్డాయి. వసీలా చేతులు వాటంతటవే వెనక్కి పోయి ఒకదానినొకటి పట్టుకొన్నాయి. ఆమె నిలబడింది.

చుట్టూ ఉన్న డాక్టర్లు, గోడ గడియారం మెల్లగా దూరమైపోయాయి. మెడ వెనుక గురువు ఊపిరి తగిలినట్టయింది. ఇంకాసేపటికి ఆయన పక్కకు జరిగి చోటిస్తాడు. నొప్పి వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది? పొట్ట బిగిసే క్షణం కోసం ఆ రబ్బరునే చూస్తూ ఆమె వేచి ఉన్నది. తెర వెనుక తౌఫీక్ ఆమె మాట కోసం వేచి ఉన్నాడు. ఇద్దరూ ఓర్పు గలవారే. గడువు ముగిసినట్టు గంట మోగింది.

తెర పక్కనుంచి తౌఫీక్ తల బయటికి వచ్చింది. "నొప్పులు నా చేతిలో ఉన్నాయి లెల్లా. అడిగితే ఇచ్చేవాణ్ణి."

అందరూ నవ్వారు. అందులో వెటకారం లేదు. ఆమె కూడా నవ్వింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

శిక్షక స్థానం మెద్‌నీన్ నుంచి వచ్చిన డాక్టరుకు దక్కింది. పొద్దు వాలాక దలెండా వచ్చి హోటల్ మెట్ల మీద ఆమె పక్కన కూర్చొన్నది.

"సాయంత్రమైంది. నీ స్నేహితురాలు వచ్చింది."

"నా చేతులు తప్పు చేయలేదే."

"చేయలేదు. నువ్వెందుకాగావో నాకు తెలుసు, ముసలాయన నా చేతులూ కట్టించాడు. ఆ గదిలో ఇంకెవరికి తెలుసు? డాక్టరు పాఠం మర్చిపోయి నిలబడిపోయిందనుకున్నారు. రేపు ఓ తల్లికి రక్తం పోతుంటే నీ పక్కనున్న నర్సు కూడా అలాగే అనుకుంటే?"

"ముబార్కా అనుకోదు. నా మొహం చూస్తే చాలు దానికి."

"ముబార్కా సెలవు పెట్టిన రోజు?"

వసీలా ఒడిలోని కొత్త కోటును మడత విప్పి మళ్ళీ మడిచింది.

"సూసాలో నిన్ను నోర్మూసుకుని పడుకోమని బతిమాలేదాన్ని. ఎక్కడ పారేసుకున్నావే ఆ నోటిని?"

"వినేవాళ్ళు లేకపోతే దాన్నేం చేసుకోను?"

దలెండా ఆమె చేయి పట్టుకొన్నది. "అది నేను కాదనను. కానీ మాట పోగొట్టుకున్న మనిషిని పాఠం చెప్పమని ఎలా పంపను? వచ్చే ఏడు మళ్ళీ నిలబడు."

తీర్పులో అన్యాయం లేదు. అందువల్ల కోపం తెచ్చుకొని ఊరట పొందే దారి కూడా లేకపోయింది. ఏ లేమి తీరాలని ఆ స్థానాన్ని కోరిందో, ఆ లేమే దానిని దక్కనివ్వలేదు. దప్పికతో నాలుక ఎండినవాడు నీళ్ళు అడగలేకపోయినట్టయింది. అద్దె వ్యాను ఉప్పుపర్రలు దాటి కెబిలి చేరేవరకు ఆమె అదే తలపోస్తూ వచ్చింది.

ఊరు చేరాక మొదటి కాన్పు మామూలుదే. బిడ్డ తల కనబడుతున్నది. వసీలా చేతులు దగ్గరగా ఉంచి, తాకకుండా ఆగింది. ఆగి, గొంతు సవరించుకొన్నది.

"తల వస్తోంది. నేను చేయి వేయడం లేదు. తల్లి ఒళ్ళు తనంతట తను సాగడానికి వ్యవధి ఇస్తున్నాను."

ముబార్కా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. "ఎవరికి చెబుతున్నారు డాక్టరమ్మా? తల్లి వినే స్థితిలో లేదు, బిడ్డకి మన భాష రాదు."

"నీకే."

"నాకా? ఇన్నేళ్ళకా?" ముబార్కా చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది. "చెప్పారు కాబట్టి అంటున్నా. అది తప్పు. నేనైతే వేడినీళ్ళ గుడ్డ వేసి అదిమి పట్టుకుంటా. మీరు చేయి వేయనప్పుడల్లా నాకు నోరు దురద పెడుతుంది."

వసీలా తల తిప్పి ఆమెను చూసింది. ఇన్నేళ్ళూ ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడ్డ మనిషి.

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు. ముక్కమ్మా, ముక్కు, ఇంకొక్కసారి."

పాప పుట్టింది. వసీలా తన గదిలో రెండు గ్లాసుల్లో టీ పోసి, చిటికెడు బాదంపప్పు వేసింది. ముబార్కా కూర్చోలేదు, ఇంటికి వెళ్ళే తొందరలో తలగుడ్డ కట్టుకొంటూనే తాగింది, తాగుతూనే వాదించింది. వేడిగుడ్డ సంగతి వసీలా సగం ఒప్పుకొన్నది, తక్కిన సగం ఒప్పుకోలేదు.

"ఇంతకీ మీ స్ఫాక్స్ వాళ్ళు ఏమంటారు దీనికి?" అని గుమ్మంలోంచి అడిగింది ముబార్కా.

"అడగాలి" అన్నది వసీలా.

ముబార్కా వెళ్ళిపోయింది. ఆమె గ్లాసు అడుగున బాదంపప్పులు అలాగే మిగిలి ఉన్నాయి. కిటికీ అవతల తోటల్లో గెలలు దించేవారి కేకలు వినబడుతున్నాయి. అడగవలసినవి ఇంకేమున్నాయో వసీలా ఒక్కొక్కటీ పైకే చెప్పుకోసాగింది. ముందుగా గుర్తుకు వచ్చింది ఖర్జూరాల నెలల్లోని కాన్పుల సంగతి.