పదహారో చానల్ నోరు నొక్కిన మధ్యాహ్నం

రేవులో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని లేదు. పడవల వాళ్లందరికీ ఆవిడ పదహారమ్మ. ఆపదలో పడ్డ పడవ సాయం కోరేది రేడియోలో పదహారో చానల్ మీదే. రేవు పక్క మేడగదిలో కూర్చుని, ఆ చానల్‌కు చెవి ఒగ్గి ఉండడమే ఆవిడ ఉద్యోగం. ఎవరైనా దాని మీద వియ్యంకుడి గొప్పలు మొదలుపెడితే ఊరుకునేది కాదు.

"ప్రాణాల మీదికొచ్చినవాళ్ల దారి ఇది. అడ్డం లేవండి నాయనా. వేరే చానల్‌కి పోయి ఎంతసేపైనా మాట్లాడుకోండి" అనేది. అని ఊరుకోకుండా, "గొంతు బొంగురుపోయిందేం? వేణ్నీళ్లు తాగు" అని కూడా కలిపేది.

ఆవిడ బావగారు, అంటే భర్త అన్నగారు, పడవ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నా, ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటలు లేవు.

ఒక మధ్యాహ్నం గాలి జోరందుకుంటుండగా స్పీకర్‌లో ఇంజిన్ రొద మొదలై ఇక ఆగలేదు. ఎవరి పడవలోనో మైకు బటన్ నొక్కుకుపోయింది. అది వదిలేదాకా ఆ పడవకు ఎవరి మాటా వినపడదు. చుట్టుపక్కల ఇంకెవరి పిలుపూ పైకి తేలదు.

ఇంతలో రొద మధ్యనుంచి బావగారి గొంతు వినిపించింది. బాగుచేసిన ఇంజిన్‌ను పరీక్షించడానికి ఆయన పడవ యజమానితో కలిసి రేవు దాటి వెళ్లారు.

"మా మరదలుంది చూశావూ, ఇంట్లో కూడా చెప్పింది తిరిగి అప్పజెప్పమంటుంది. ఉప్పు తెమ్మంటే 'ఉప్పు, అర్థమైంది' అనాలి! కానీ ఒకటిరా, ఆ గొంతు వినపడితే మునిగిపోయేవాడికైనా ధైర్యం వస్తుంది. ఈ మాట ఇంట్లో అననులే, నెత్తికెక్కుతుంది."

ఆవిడకు చెవులు వేడెక్కాయి. సముద్రం మీదున్న పడవలన్నీ వింటున్నాయి. సిగ్గుపడే తీరిక లేక ఆయన సెల్‌కు ఫోన్ చేసింది. అది మోగడం స్పీకర్‌లోనే వినపడింది.

"అదిగో, మాటల్లోనే! ఎత్తితే పాఠం చెబుతుంది. ఇంటికెళ్లి వింటాలే."

ఆవిడ వెంటనే తోడికోడలికి చేసింది. "అక్కా, బావగారికి ఫోన్ చెయ్యి. నాది ఎత్తట్లేదు. మైకు ఎక్కడో నలుగుతోంది, తియ్యమను."

"ఏం చేస్తున్నారమ్మా ఆయన?"

"నన్ను పొగుడుతున్నారు. తొందరగా చెయ్యి!"

ఈసారి మొదటి మోతకే ఎత్తారు. "ఆఁ, ఏంటి? మైకా? ఓరి నాయనో, పనిముట్ల సంచి దాని మీదే పెట్టాను!"

రొద టక్కున ఆగింది. మరుక్షణం ఒక సన్నటి ఆడగొంతు వినిపించింది. "ఎవరైనా ఉన్నారా? ఇందాకట్నుంచీ పిలుస్తున్నాం! పడవలోకి నీళ్లొస్తున్నాయి. నాన్న తోడుతున్నా తగ్గట్లేదు."

"ఉన్నానమ్మా. ఎక్కడున్నారు? లైఫ్ జాకెట్లు వేసుకున్నారా?"

"లైట్‌హౌస్ అవతల, రాళ్ల దగ్గర. ఒక్కటే ఉంది. నాకు వేశాడు."

"మూత బిగించిన ఖాళీ డబ్బా ఏదైనా నాన్నని నడుముకి కట్టుకోమను. నువ్వు నాతో మాట్లాడుతూ ఉండు తల్లీ. దగ్గర్లో ఎవరున్నారు?"

"మేమున్నాం" అన్నారు బావగారు. "లైట్‌హౌస్ అవతల, రాళ్ల దగ్గర. అర్థమైంది. వెళ్తున్నాం."

పడవ దక్కలేదు గానీ, తండ్రీకూతుళ్లిద్దరూ దక్కారు. వాళ్లను పైకి లాగామన్న కబురు విన్నాకే ఆవిడ మైకు కింద పెట్టి, గ్లాసెడు నీళ్లు తాగి, మళ్లీ తీసుకుంది.

సాయంత్రం బావగారు మేడ మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డారు. అన్నేళ్లలో ఆ గదికి రావడం అదే మొదలు.

"రావచ్చా అమ్మా?"

ఆవిడ కుర్చీ జరిపింది. ఆయన కూర్చుని, స్పీకర్ వైపు తల వంచి చాలాసేపు విన్నారు.

"ఏమీ వినపడట్లేదేం?"

"ఇలా ఉంటేనే మంచిది బావగారూ" అంటూ ఫ్లాస్కులోని టీ రెండు గ్లాసుల్లో పోసింది.