తెల్ల పడవకు నీలం రంగు

మా ఆయన సోమశిల డ్యామ్‌లో చేపలు పడతాడు. పాత చెక్క పడవ పాడైపోయాక ఎంతో ఆశపడి తెల్లటి ఫైబర్ పడవ కొన్నాడు. అనంతసాగరం వైపు ఒడ్డున కట్టేసిన పడవల్లో మాది దూరం నుంచే కనిపించేది.

నీళ్ళలో ఉండే పడవకు నీళ్ళు తాకే చోట చుట్టూ ఒక పచ్చటి గీత పడుతుంది. దాని కింద పాచి పేరుకుంటుంది. ఎండనిస్తే ఆ గీత గోధుమ రంగుకు తిరిగి ఇక వదలదు. అందుకని ఆయన వల దులపగానే పడవను గట్టుకు లాగి, తడి ఆరకముందే కొబ్బరి పీచుతో రుద్దేవాడు. మొండి మరకకు నిమ్మచెక్క. తరవాత మంచినీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు మైనం పట్టించేవాడు. నేను పక్కన కూర్చుని చేపలు ఏరుతూ, "బిడ్డకు నీళ్ళు పోసినట్టు పోస్తా ఉండావే" అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి, నా మీదికి కాసిని నీళ్ళు చిలకరించేవాడు.

ఒక వేసవిలో ఆత్మకూరు రోడ్డులో బండి జారి ఆయన కాలు విరిగింది. ముందు నెల్లూరు ఆస్పత్రి, తరవాత ఇంట్లో మంచం. నేను ఆయన్ని వదిలి కదల్లేకపోయాను. పడవ నీళ్ళలోనే ఉండిపోయింది.

దుత్తలూరు దగ్గర గొర్రెలు మేపుకునే నా తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. బావకు సంతోషం కలిగించాలని, ఎవరికీ చెప్పకుండా డ్యామ్‌కు వెళ్ళాడు. సాయంత్రం వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"చూడు బావా, కొత్తదాని మాదిరి ఉండాది."

ఆయన మొహం వెలిగింది. "దేంతో కడిగినావురా?"

"బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చినా. ఒక్క పూటలో అయిపోయింది."

ఆయన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, గీత ఉండే చోటును చూశాడు. "మంచి పని చేసినావులే. అన్నం తిని పో" అన్నాడు.

కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక, ఇద్దరం షేర్ ఆటోలో డ్యామ్‌కు వెళ్ళాం. ఆయన పడవ మీద అరచెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా లాగి అక్కడ పెట్టాడు. సున్నం వేయని గోడలా గరుకుగా తగిలింది.

"పైన నున్నటి పూత పోయింది. ఇంక మరక లోపలికి దిగతాది."

"వాడికి చెప్తా."

"వద్దు. నేను మంచాన పడినానని అంత దూరం నుంచి వచ్చి కడిగినాడు. ఏం చెప్తావు?"

ఆయన అన్నట్టే అయింది. ఎంత రుద్దినా గీత పోలేదు. మణికట్లు వాచేదాకా రుద్ది, చివరికి ఒకరోజు ముదురు నీలం రంగు డబ్బా తెచ్చాడు. రంగు వేస్తున్నంతసేపూ నా వైపు తిరగలేదు. అయిపోయాక, "ఇప్పుడు మరక కనపడదులే" అన్నాడు.

తరవాత తమ్ముడు వచ్చినప్పుడు అడిగాడు. "తెల్లదే బాగుండె గదా బావా, ఈ రంగెందుకు ఏసినావు?"

"ఊరికేరా. మార్చి చూద్దామని."

నేను పొయ్యి మీద కూర చూసే వంకతో లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు రుద్దే పని లేదు. ఆయన వల దులపగానే పడవ కట్టేసి ఇంటికి బయలుదేరతాడు. పొద్దెక్కకముందే అన్నాలు అయిపోతాయి. ఆ తరవాత ఇద్దరికీ బోలెడు తీరిక. ఏం మాట్లాడుకోవాలో తోచక ఆయన ఫోన్ చూసుకుంటాడు, నేను వాకిలి మళ్ళీ ఊడుస్తాను.