పలక మీద తెల్ల చుక్కలు

మా మార్కాపురం ఆస్పత్రి డాక్టరు చంకలో ఎప్పుడూ ఒక పలక ఉండేది. తట్టు పోసిన బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే ఆ పలక మీద బలపంతో తెల్ల చుక్కలు పెట్టేవాడు.

"ఇవి నెత్తుట్లో కాపలా కాసే తెల్ల కణాలు. వైరస్ వీటిలోనే దూరి, అక్కడే పెరిగి, వీటిని చంపి బయటికొస్తాది" అంటూ ఒక్కో చుక్కనూ బొటనవేలితో నలిపేసేవాడు.

తట్టు దద్దుర్లు వాడిపోగానే అమ్మవారు దిగిపోయిందని పసివాళ్లకు చన్నీళ్లు పోసి జాతరకు మోసుకుపోవడం మావాళ్ల ఆచారం. నేను దాన్ని హత్య అంటాను. ఒకసారి జాతరలో అట్లాంటి పిల్ల కోసం వేటపోతును నరకబోతుంటే డాక్టరు అడ్డం నిలబడ్డాడు. పిల్ల తాత ఆ పలకే లాక్కుని ఆయన నుదుటి మీద కొట్టాడు. పలక ముక్కలైంది. నెత్తురు కళ్లలోకి కారింది.

"కొట్టు పెద్దాయనా! నా తెల్ల కణాలు బతికుండాయి, ఈ గాయం మానుతాది. ఈ పిల్లకు శానా చచ్చినాయి. ఈ గుంపులో ఎవుడు దగ్గినా ఈ పిల్ల పోతాది."

వెనక ఎవరో దగ్గారు. తల్లి ఉలిక్కిపడి పిల్లను కొంగులో చుట్టుకుంది.

"మామా, నీ పోతును నువ్వు నరుక్కో. నేను ఇంటికి పోతాండా."

పిల్ల బతికింది. అంతా వేటపోతు మహిమేనని తాత చచ్చేదాకా చెప్పుకున్నాడు. డాక్టరు మాత్రం నుదుటి కట్టు విప్పకముందే కొత్త పలక కొన్నాడు.