నీళ్లు పెట్టిన మడి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన వారానికే మాకు వీసా ఇచ్చిన కఫీల్ పెళ్లాం బిడ్డలను కారెక్కించుకుని సౌదీ వైపు వెళ్లిపోయాడు. పోతూ పోతూ తోట జాగ్రత్త అన్నాడు. మనుషుల సంగతి ఆయనకు గుర్తు రాలేదు. వఫ్రాలోని ఆ తోటలో నేను, మా కడప వైపే అయిన ఒక పెద్దాయన, రాయచోటి భాయ్ మిగిలాం. భాయ్ భార్య సిటీ పక్కన ఖైతాన్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్లూ పారిపోవడంతో కడుపుతో మా దగ్గరికి వచ్చేసింది. జోర్డాన్ మీదుగా ఇండియాకు పోవచ్చని కబురు తెలిసినా, నిండు మనిషితో ఎడారి దాటలేమని ఆగిపోయాం. చలి మొదలయ్యే నాటికి మా రేకుల గదిలో ఆడపిల్లను కన్నది.

ఆకలి రుచెరుగదంటారు. ఆ మాట అన్నవాడు నెలల తరబడి ఉప్పేసిన గంజి తాగి ఉండడు. మేకలను సైనికులు తోలుకుపోయారు. బాలింతకు పాలు తగ్గిపోయాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడమే మానేసింది.

చలికాలంలో ఉత్తరం నుంచి బాతులు వచ్చేవి. పశువుల గడ్డి మళ్లకు నీళ్లు పారిస్తే గుంపులుగా దిగేవి. అంతకుముందు కఫీల్ అతిథులు వచ్చి సరదాగా కొట్టుకుపోయేవారు. ఇప్పుడు రోడ్డు పక్కన గుడారాలు వేసిన సైనికులకూ ఆకలే, పైగా తుపాకులు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అందుకే పెద్దాయన ఒక కట్టడి పెట్టాడు. మళ్లకు నీళ్లు పెట్టకూడదు, బాతుల కోసం ఎవరూ దిగకూడదు.

"నీళ్లుంటే బాతులొస్తాయి. బాతులొస్తే తుపాకులొస్తాయి. నా మాట ఇనండప్పా," అన్నాడు.

"బిడ్డకు పాల్లేవు చిన్నాయనా," అన్నాడు భాయ్. "మూల మడికి మాత్రం పెడదాం. రాత్రి వల పరిచి, తెల్లారకముందే ఎత్తేస్తా."

"పెడితే పెడదాంలే," అన్నాడు పెద్దాయన. "వల మాత్రం నేనెత్తుతా. నువ్వు బిడ్డ తండ్రివి."

"బాతు వలలో చిక్కి నీళ్లలో మునిగితే, నువ్వు గట్టుకు తెచ్చి నాకిచ్చే లోపల చస్తాది. కొయ్యకుండా చచ్చింది మాకు హరామ్. ఆమె ముట్టదు."

"ఇంత కష్టంలో దేవుడు చూసీచూడనట్టు పోతాడులే భాయ్," అన్నాను నేను.

"దేవుడు పోతాడేమో, ఆమె పోదు," అని నవ్వాడు.

రెండు రోజులు వాదులాడుకుని కట్టడిని సడలించాం. మూల మడికే నీళ్లు. వెలుతురు రాకముందే వల తీసేయాలి. తుపాకీ మోత వినపడితే ఎక్కడివి అక్కడ వదిలేసి రావాలి. భాయ్ అన్నింటికీ తలూపాడు.

కొన్నాళ్లు బాగానే సాగింది. బాతు చారు బాలింతకు, ఎముకలు మాకు. బిడ్డ మళ్లీ గొంతెత్తి ఏడుస్తుంటే మాకు పండగలా ఉండేది.

ఒక పొద్దున పొగమంచు కమ్మడంతో ఎంత తెల్లారిందో తెలియలేదు. భాయ్ మడిలో ఉన్నాడు. నేను గోతం పట్టుకుని గట్టు మీద ఉన్నాను. రోడ్డు వైపు నుంచి తుపాకీ పేలింది. బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"భాయ్, ఖలాస్. వచ్చేయ్," అన్నాను.

అప్పటికే ఒకదాన్ని కోశాడు. ఇంకొకటి వలలో కొట్టుకుంటోంది.

"ఇదొక్కటి. మునిగిపోతాది," అని వంగాడు. బిస్మిల్లా అనడం వినిపించింది. ఆ తర్వాత మళ్లీ పేలింది.

సైనికులు బాతులనే కొట్టారని, గురి తప్పి భాయ్‌కు తగిలిందని పెద్దాయన అనేవాడు. నేను మాత్రం నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. మనిషి నీళ్లలో పడి ఉంటే, వాళ్లు తమ బాతులను ఏరుకుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

పక్క తోటలోని పఠాన్ వచ్చి నమాజు చదివాక, తోట అంచున మట్టి ఇచ్చాం. సాయంత్రం పెద్దాయన మడి నుంచి తెచ్చిన బాతుతో చారు కాచి, గిన్నె ఆమె ముందు పెట్టాడు. ఆమె పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు. బిడ్డ ఏడుస్తోంది.

"ఆయన కోసిందేనా అన్నా?" అని నన్ను అడిగింది.

"ఆయన కోసిందేమ్మా."

గిన్నె అందుకుంది. ఏడుస్తూనే అడుగు దాకా తాగి, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.