శంషాబాద్ రోడ్డు మీద అరగంట

తెనాలిలో మాది బట్టల కొట్టు. "మీకు తోచింది ఇవ్వండి" అన్నవాడే నిలువునా ముంచుతాడని మా నాన్న నేర్పిన మొదటి పాఠం.

తొంభైల్లో పాపకు హైదరాబాదు చూపిద్దామని వెళ్లాం. శంషాబాద్‌లో తెలిసినవాళ్లింటి నుంచి తిరిగి వస్తుంటే నాలుగేళ్ల మా పాపకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ముసురు పట్టిన మధ్యాహ్నం, బస్సుల జాడ లేదు. ఒక ముసలి ముస్లిం ఆటో ఆపాడు. ఆసుపత్రికి ఎంత అని అడిగాను.

"బచ్చీకి బుఖారుంటే బేరమేందమ్మా? ఎక్కుండ్రి. మీకు తోచింది ఇయ్యిండ్రి."

మా ఆయన పాపతో ఎక్కబోయారు. నేను చెయ్యి పట్టి ఆపాను.

"ఆగండి. ఊరికి కొత్తవాళ్లమని కనిపెట్టేశాడు. వేరే ఆటో చూద్దాం."

ముసలాయన పాప వంక చూశాడు. "నీ ఇష్టం బిడ్డా" అని వెళ్లిపోయాడు.

అరగంట గడిచినా వేరే ఆటో రాలేదు. పాపకు ఫిట్స్ మొదలయ్యాయి. ఎవరినో దింపి వస్తున్న ఆ ముసలాయనే మళ్లీ ఆగాడు.

"ఇంకా గీడనే ఉన్నరా? జల్ది ఎక్కుండ్రి."

అలవాటు పడిన నా నోరు అప్పుడు కూడా "ఎంత?" అనే అంది. ఆయన ఆటోను ముందుకు ఉరికించాడు. దారి పొడుగునా హారన్ మీద చెయ్యి తీయలేదు. పాపను లోపల అప్పగించి నేను బయటికొచ్చేసరికి ఆటో లేదు.

పాప బతికింది. కుడిచేతికి మాత్రం మునుపటి పట్టు రాలేదు.

ఆ అరగంట గురించి మా ఆయన ఈనాటికీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే, ఏదో ఒకటి వాదించి నా తప్పును సగానికైనా తగ్గించుకునేదాన్ని.