గొర్రెల దొడ్డి, కంప్యూటర్ కాపీ

మార్కాపురంలో పలకల కార్ఖానా నడిపే మామ ఒకాయన ఉన్నాడు. ఆయన కంప్యూటర్లోని ఆర్డర్లు, కొలతలన్నీ పెద్దారవీడులో తన చెల్లెలింట ఉన్న పాత కంప్యూటర్‌లోకి గంటగంటకూ కాపీ అయ్యేలా పోయిన నెలే నేను సెట్ చేశాను. ఈ రోజు పొద్దున పిడుగు పడి కార్ఖానా కంప్యూటర్ కాలిపోయింది. పెద్దారవీడు కాపీ నుంచి మధ్యాహ్నానికల్లా అంతా వేరే మిషన్‌లోకి తెచ్చేశాను. ఇక గొప్పలకు పోకుండా ఉండగలనా?

"చూసినావా మామా, మా పని ఎట్లుందో?"

"ఇదేం కొత్త అల్లుడూ! మా నాయన గొర్రెలన్నీ ఒకే దొడ్లో ఉంచేవాడు కాదు. సగం హనుమంతునిపాడులో మా మేనత్త కాడ పెట్టేవాడు. రోగమొస్తే సగమన్నా మిగుల్తాయని."

"మీ నాయనకు సగమే. నీకు మొత్తం మిగిలింది కదా!"

"అది సరే, నీ కంప్యూటర్‌కు రెండో కాపీ యాడుంది?"

నా బల్ల మీదే, కంప్యూటర్‌కు ఆనుకునే ఉంది. సగం తాగిన టీ గ్లాసు మామ ముందే పెట్టి వచ్చేశాను.

నాకేమో మేనత్తలు లేరు. మీ మేనత్తగారింట్లో ఒక హార్డ్ డిస్క్ పట్టేంత చోటుంటే చెప్పండి.